భూతాప విద్యుత్ కేంద్రాల వాయు కాలుష్యం: అంచనాల వెనుక గణితం

ప్రత్యేక వ్యాసం

భూగర్భంలోని వేడిని వెలికితీసి విద్యుత్తును ఉత్పత్తి చేసే భూతాప విద్యుత్ కేంద్రాలు కాలుష్యరహితమైనవన్న అభిప్రాయం సర్వత్రా నెలకొని ఉన్నది. బొగ్గును కాల్చవలసిన అవసరం లేదు. బూడిద చెరువులు ఉండవు. పగలు, రాత్రి అనే భేదం లేకుండా ఉత్పత్తి సాగుతుంది. ఈ అభిప్రాయం చాలా మేరకు వాస్తవమే. అయితే 2021 జనవరి 25వ తేదీన ఇండోనేషియాలోని ఉత్తర సుమత్రా రాష్ట్రం, మండైలింగ్ నటల్ జిల్లాలో ఒక భూతాప విద్యుత్ ప్రాజెక్టుకు చెందిన బావిని తెరచిన సందర్భంలో వెలువడిన హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు సమీప గ్రామాన్ని తాకడంతో అయిదుగురు మృతి చెందారు. పలువురు ఆసుపత్రి పాలయ్యారు. స్వచ్ఛమైన ఇంధనమన్న పేరు ఉన్నంత మాత్రాన ఊరికి, బావికి మధ్యనున్న గాలి సంగతి పట్టించుకోనక్కరలేదని అనుకోరాదు.

మన దేశంలోనూ ఈ రంగం తొలి అడుగులు వేస్తున్నది. కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన మంత్రిత్వ శాఖ 2025 సెప్టెంబరులో జాతీయ భూతాప ఇంధన విధానాన్ని ప్రకటించినది. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దేశంలోని 381 ఉష్ణజల స్థానాలను అధ్యయనం చేసి, సుమారు 10,600 మెగావాట్ల సామర్థ్యం ఉన్నదని అంచనా వేసినది. రానున్న కాలంలో ఇటువంటి ప్రాజెక్టుల పర్యావరణ నివేదికలు అధికారుల బల్లలపైకి, పాత్రికేయుల చేతికి వస్తాయి. వాటిలో వాయు కాలుష్యానికి సంబంధించిన అధ్యాయం సాధారణంగా ఒక రంగుల పటంతోను, ఒక అంకెతోను ముగుస్తుంది. ఆ అంకె ఏ విధంగా పుట్టినదో, దానిని ఎంతవరకు నమ్మవచ్చునో విదేశాల అనుభవం ఆధారంగా వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా బావి నుండి ఏమి వస్తుందో చూద్దాం. భూమి లోపలి నుండి పైకి వచ్చే ఆవిరిలో అత్యధిక భాగం నీరే. మిగిలిన కొద్ది శాతం చల్లార్చినప్పటికీ ద్రవంగా మారని వాయువులు. వీటిలో బొగ్గుపులుసు వాయువుది సింహభాగం. దాని తరువాతి స్థానం చాలా చోట్ల హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. కొద్దిపాటి మీథేన్, హైడ్రోజన్, నైట్రోజన్, అమ్మోనియా ఉంటాయి. కొన్ని క్షేత్రాలలో పాదరసం, ఆర్సెనిక్, బోరాన్ జాడలు కూడా ఉంటాయి. టర్బైన్‌ను తిప్పిన ఆవిరి కండెన్సర్‌లో నీరుగా మారినప్పుడు ఈ వాయువులు అక్కడ పోగుపడతాయి. వాటిని పంపులతో లాగి పొగగొట్టం ద్వారా గాని, కూలింగ్ టవర్ పైనుండి గాని బయటికి వదులుతారు. ఆవిరి, చల్లటి నీరు నేరుగా కలిసే తరహా కండెన్సర్ అయితే హైడ్రోజన్ సల్ఫైడ్‌లో కొంత నీటిలో కరిగి కూలింగ్ టవర్‌కు చేరి, అక్కడి పంకాల గాలికి మరల వాయువై లేచిపోతుంది. అందువలన కేంద్రంలో ఏ కండెన్సర్ వాడుతున్నారన్నది కేవలం ఇంజనీర్లకు సంబంధించిన వివరం కాదు. కాలుష్యం ఏ ద్వారం గుండా బయటపడుతుందో నిర్ణయించేది అదే.

హైడ్రోజన్ సల్ఫైడ్ మనకు కొత్తది కాదు. కుళ్ళిన కోడిగ్రుడ్ల వాసనకు, మ్యాన్‌హోళ్ళలోకి దిగిన పారిశుద్ధ్య కార్మికులను బలిగొనే విషాదాలకు కారణమయ్యే వాయువు ఇదే. ఘనపు మీటరు గాలిలో కొద్ది మైక్రోగ్రాములు ఉన్నా మానవుని ముక్కు దీనిని పసిగట్టగలదు. మోతాదు వేల రెట్లు పెరిగినప్పుడు వాసన గ్రహించే నాడులే మొద్దుబారిపోతాయి గనుక వాసన లేదు కాబట్టి ప్రమాదం లేదనుకోవడం ప్రాణాంతకం. ఇది గాలి కంటె కొంత బరువైనది. కాని ఈ మాటను మన పత్రికలలో తరచు అపార్థం చేసుకోవడం జరుగుతున్నది. పలచబడకుండా, చల్లగా, ఒక్కసారిగా వెలువడినప్పుడు మాత్రమే అది పల్లానికి పారుతుంది. కూలింగ్ టవర్ నుండి వేడి గాలితో కలిసి పలచబడి లేచినప్పుడు తన బరువుతో అది కిందికి దిగదు. ఆ గాలి ఎటు పోతే అటు పోతుంది.

ప్రమాణాల విషయంలోనే మొదటి చిక్కు ఎదురవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000 సంవత్సరంలో వెలువరించిన ఐరోపా వాయు నాణ్యతా మార్గదర్శకాలలో హైడ్రోజన్ సల్ఫైడ్‌కు 24 గంటల సగటుగా ఘనపు మీటరుకు 150 మైక్రోగ్రాముల పరిమితిని సూచించినది. కళ్ళు మండటం ఆరంభమయ్యే 15 మిల్లీగ్రాముల స్థాయిని నూరుతో భాగించి ఈ అంకెను నిర్ణయించారు. వాసన వలన కలిగే ఇబ్బందిని నివారించాలంటే అరగంట సగటు 7 మైక్రోగ్రాములు మించరాదని అదే గ్రంథం పేర్కొన్నది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం గంట సగటును పది లక్షల భాగాలలో 0.03 భాగానికి, అనగా సుమారు 42 మైక్రోగ్రాములకు పరిమితం చేసినది. ఐస్‌లాండ్ 2010లో 24 గంటల సగటుకు 50, వార్షిక సగటుకు 5 మైక్రోగ్రాముల పరిమితులను విధించినది. మన దేశంలో 2009 నవంబరులో ప్రకటించిన జాతీయ పరిసర వాయు నాణ్యతా ప్రమాణాలలో 12 కాలుష్యకాలు ఉన్నాయి. వాటిలో హైడ్రోజన్ సల్ఫైడ్ లేదు. కర్మాగారాల చట్టం రెండవ షెడ్యూలులో ఉన్న పరిమితి ఎనిమిది గంటల సగటుకు 14 మిల్లీగ్రాములు. అది ఆరోగ్యవంతులైన కార్మికులకు పని వేళలలో వర్తించేదే తప్ప ఊరిలోని పసిపిల్లలకు, వృద్ధులకు అహోరాత్రాలు వర్తించేది కాదు. 14 మిల్లీగ్రాములంటే 14,000 మైక్రోగ్రాములు. ఐస్‌లాండ్ వారి దినసరి పరిమితికి ఇది 280 రెట్లు. ఏదైనా నివేదికలో ఊరి గాలిని ఈ అంకెతో పోల్చి సురక్షితమని రాసి ఉంటే, ఆ పోలిక చెల్లదని ఎవరైనా చెప్పవచ్చును.

సగటు కాలం విషయం కూడా ఇటువంటిదే. ఒక ఊరిలో తెల్లవారుజామున మూడు గంటలపాటు గాలిలో 240 మైక్రోగ్రాములు, మిగిలిన 21 గంటలు 10 మైక్రోగ్రాముల చొప్పున ఉన్నదనుకుందాం. 24 గంటల సగటు 39 కన్నా తక్కువే వస్తుంది. ఐస్‌లాండ్ దినసరి పరిమితి ప్రకారం ఆ రోజు ఉల్లంఘన లేనట్లే. కాలిఫోర్నియా గంట పరిమితి ప్రకారం ఆ మూడు గంటలూ అయిదు రెట్లకు మించిన ఉల్లంఘనే. నిద్ర మధ్యలో వాసనకు మేల్కొన్న కుటుంబానికి సగటుతో నిమిత్తం ఉండదు.

ఇక గణిత నమూనా సంగతి. నిర్మించబోయే కేంద్రం చుట్టూ గాలిని ముందుగా కొలవడం అసాధ్యం కనుక లెక్క కట్టవలసి వస్తుంది. ఈ లెక్కకు మూలమైన ఆలోచన సరళమైనదే. సెకనుకు ఇన్ని గ్రాముల వాయువు వెలువడుతున్నది. గాలి దానిని ఒక దిక్కుకు మోసుకుపోతున్నది. పోతున్నకొద్దీ సుడుల వలన అది పక్కలకు, పైకి కిందికి వ్యాపిస్తున్నది. అడ్డంగా కోసి చూస్తే వాయువు మధ్యలో దట్టంగాను, అంచులలో పలచగాను, గంట ఆకారంలో పరచుకుని ఉంటుంది. గణితవేత్త గాస్ పేరు మీద ఈ నమూనాకు గాసియన్ నమూనా అని పేరు వచ్చినది. బ్రిటిష్ వాతావరణ శాస్త్రవేత్త పాస్క్విల్ 1961లో గాలి స్థిరత్వాన్ని కొన్ని తరగతులుగా విభజించి, ఏ తరగతిలో వాయుధార ఎంత దూరానికి ఎంత వెడల్పవుతుందో సూచించారు. నేటికీ పలు నివేదికలకు ఆధారం ఆ వర్గీకరణే. సమీకరణం కనిపించగానే పుట తిప్పివేసే అలవాటు ఆర్ట్స్ పట్టభద్రుడైన ఈ వ్యాసకర్తకూ ఉండేది. అయితే దీనిలో పెట్టవలసిన అంకెలు నాలుగైదే. పాత్రికేయుడు అడగవలసిన ప్రశ్నలన్నీ వాటి చుట్టూనే తిరుగుతాయి.

ఒక ఊహాజనిత కేంద్రాన్ని తీసుకుందాం. ఏటా 10,000 టన్నుల హైడ్రోజన్ సల్ఫైడ్‌ను వదులుతున్నదనుకుంటే అది సెకనుకు సుమారు 317 గ్రాములు. 25 కిలోమీటర్ల దూరంలో, గాలి వీచే దిక్కుకు సూటిగా ఒక పట్టణం ఉన్నది. వాయుధార పైకి లేచి 100 మీటర్ల ఎత్తున నిలకడ పొందినది. మబ్బు పట్టిన రోజున గాలి సెకనుకు 8 మీటర్ల వేగంతో వీస్తున్నప్పుడు గ్రామీణ ప్రాంతాలకు వాడే సాధారణ సూత్రాలతో లెక్కిస్తే పట్టణంలో నేల మట్టాన సుమారు 45 మైక్రోగ్రాములు వస్తుంది. అదే కేంద్రం, అదే పట్టణం, కాని నిర్మలమైన రాత్రి, సెకనుకు 2 మీటర్ల గాలి అయితే దాదాపు 210 వస్తుంది. ఇప్పుడు వాయుధార 100 మీటర్లు కాక 60 మీటర్ల ఎత్తునే నిలిచినదని మార్చి చూద్దాం. గాలి బాగా వీచే రోజున అంకె 45 నుండి 47కు మాత్రమే పెరుగుతుంది. నిశ్చలమైన రాత్రి మాత్రం 210 నుండి దాదాపు 890కి ఎగబాకుతుంది. కేవలం 40 మీటర్ల ఎత్తు భేదం ఫలితాన్ని నాలుగు రెట్లకు పైగా మార్చివేసినది. కాబట్టి ధార ఎంత ఎత్తుకు లేస్తుందని నమూనాకారులు భావించారో, ఆ భావనకు ఆధారమేమిటో నివేదికలో స్పష్టంగా ఉండి తీరాలి. చాలా నివేదికలలో అది అనుబంధంలో ఒక గడిలో ఇమిడిపోయి ఉంటుంది.

ఈ లెక్కలో ఇంకొక లోపం దాగి ఉన్నది. సెకనుకు 2 మీటర్ల గాలి 25 కిలోమీటర్లు ప్రయాణించడానికి దాదాపు మూడున్నర గంటలు పడుతుంది. అంతసేపు గాలి దిక్కు మారకుండా, వేగం తగ్గకుండా, గీత గీసినట్లు వీస్తుందని సరళ గాసియన్ నమూనా అనుకుంటుంది. నిజమైన రాత్రి గాలి అలా వీయదు. దారిలో కొండ ఉంటే పక్కకు తొలగుతుంది. లోయ ఉంటే అందులోకి జారుతుంది. కొన్నిసార్లు పూర్తిగా ఆగిపోతుంది. పైగా గాలి వేగం ఈ సమీకరణంలో భాగహారంలో ఉన్నది. వేగం సున్నా అయితే సమాధానమే ఉండదు. అసలు ప్రమాదం అత్యధికంగా ఉండే నిశ్చల సమయాలలోనే ఈ నమూనా మూగబోతుందన్నమాట.

భోగి నాటి వేకువను గుర్తు తెచ్చుకుంటే ఈ విషయం సులభంగా బోధపడుతుంది. మంటల పొగ కొద్ది ఎత్తుకు లేచి, ఇంటి కప్పులకు కాస్త పైన దుప్పటి పరచినట్లు ఆగిపోతుంది. వీధి చివరి దాకా కళ్ళు మండుతాయి. ఎండ పొడవెక్కిన తరువాత అదే మంట వేస్తే పొగ నిట్టనిలువునా లేచి మాయమవుతుంది. రాత్రి నేల చల్లబడి దాని మీది గాలిని చల్లబరుస్తుంది. పైన గాలి వెచ్చగా ఉండిపోతుంది. చల్లటి గాలి బరువు గనుక పైకి లేవదు. ఉష్ణోగ్రతా విలోమం అని శాస్త్రజ్ఞులు దీనినే అంటారు.

ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్ ఈ విలోమం రుచి చూసిన నగరం. ఆ పేరుకు అర్థం పొగల అఖాతం అని. తొలి వలసదారులు చూసిన ఉష్ణకుండాల ఆవిరి వలన ఆ పేరు వచ్చినదని చెబుతారు. నగరంలోని ఇళ్ళు వెచ్చగా ఉండటానికి కారణం భూతాప జలాలే కనుక భూమి వేడితో అక్కడి వారికి తరతరాల స్నేహం. నగరానికి తూర్పు, ఆగ్నేయ దిక్కుల మధ్య సుమారు 25 కిలోమీటర్ల దూరంలో హెల్లిషెయ్ది కేంద్రం 2006లో ఉత్పత్తి ఆరంభించి, అంచెలంచెలుగా 303 మెగావాట్ల స్థాయికి చేరినది. దానికి ఉత్తరాన 120 మెగావాట్ల నెస్యావెల్లిర్ కేంద్రం అప్పటికే పనిచేస్తున్నది. హెల్లిషెయ్ది మొదలైన తరువాత నగరంలో గంధకపు వాసనపై ఫిర్యాదులు పెరిగాయి. వెండి వస్తువులు నల్లబడుతున్నాయన్న మాట వినవచ్చినది. వాతావరణ వివరాలతో కొలతలను సరిపోల్చిన పరిశోధకులు తూర్పు గాలి మెల్లగా వీచే, చలి అధికంగా ఉండే, విలోమం ఏర్పడిన పొడి దినాలలోనే వాయువు నగరంలో హెచ్చుగా నమోదవుతున్నదని తేల్చారు. వాన గాని, మంచు గాని దీనిని పెద్దగా కడిగివేయదు. నీటిలో దీని కరుగుదల తక్కువ. గాలిలో ఆక్సీకరణ చెంది సల్ఫర్ డయాక్సైడ్‌గా మారడానికి రోజుల సమయం పడుతుంది. ఉత్తర దేశాల శీతాకాలంలో సూర్యరశ్మి తక్కువ గనుక ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. కాబట్టి 25 కిలోమీటర్ల ప్రయాణంలో అది తనంతట తానే తగ్గిపోతుందని నమూనాలో రాసుకుంటే అది ఆశ మాత్రమే.

ఆరోగ్యంపై ప్రభావం విషయంలో సాక్ష్యం ఏకముఖంగా లేదని చెప్పవలసి ఉన్నది. రేక్యావిక్‌లో ఉబ్బస మందుల కొనుగోళ్ళకు, మరణాల సంఖ్యకు ఈ వాయువు హెచ్చుతగ్గులతో కొంత సంబంధం కనిపించినదని కొన్ని అధ్యయనాలు వెల్లడించాయి. న్యూజిలాండ్‌లోని రోటోరువా పట్టణం భూతాప క్షేత్రం మీదనే వెలసినది. అక్కడి ప్రజలపై జరిగిన అధ్యయనాలలో దీర్ఘకాలంగా ఈ గాలి పీల్చడానికి, ఉబ్బసానికి సంబంధం కనబడలేదు. రెండింటిలో ఒక్కదానినే ఉదహరించే నివేదికను జాగ్రత్తగా చదవడం మంచిది.

కొండ ప్రాంతాలలో నమూనాల పరిమితిని ముందుగా ఎదుర్కొన్నది కాలిఫోర్నియాలోని ది గైజర్స్ క్షేత్రం. ప్రపంచంలో అతి పెద్ద భూతాప విద్యుత్ సముదాయమిదే. 1960లో 11 మెగావాట్ల యూనిట్‌తో మొదలై, తరువాతి దశాబ్దాలలో అనేక యూనిట్లుగా విస్తరించినది. 1970వ దశకంలో చుట్టుపక్కల లోయల వాసులు వాసనపై ఫిర్యాదులు చేశారు. పగటి గాలిని బట్టి వేసిన అంచనాలు రాత్రివేళ పనికిరాలేదు. సూర్యాస్తమయం తరువాత కొండవాలుల మీది గాలి చల్లబడి, కాలువ నీరు పారినట్లు లోయలోకి పారుతుంది. పైన కొండ మీద పడమటి గాలి వీస్తుంటే, కింద లోయలో గాలి దానికి సంబంధం లేని దిక్కున మెల్లగా జారుతూ ఉంటుంది. దీనిని అర్థం చేసుకోవడానికి అమెరికా ఇంధన శాఖ 1978లో సంక్లిష్ట భూభాగాల వాతావరణ అధ్యయన కార్యక్రమాన్ని ప్రారంభించినది. 1979, 1980 సంవత్సరాలలో గైజర్స్ ప్రాంతంలోని యాండర్సన్ క్రీక్ లోయలో రాత్రిపూట హానిలేని జాడ వాయువులను వదిలి, లోయ పొడవునా నమూనాలు సేకరించి, అవి ఎక్కడెక్కడ తేలాయో పరిశీలించారు. కాగితం మీది లెక్కను నేల మీద పరీక్షించడమంటే ఇదే. వాసన సమస్యను తగ్గించినది మాత్రం లెక్కలు కాదు, యంత్రాలు. హైడ్రోజన్ సల్ఫైడ్‌ను పట్టి ఘన గంధకంగా మార్చే స్ట్రెట్‌ఫర్డ్ ప్రక్రియ వంటి ఏర్పాట్లను యూనిట్లకు అమర్చారు. ఎంత తగ్గించాలి, ఏ యూనిట్ నుండి ముందుగా తగ్గించాలి అన్న నిర్ణయాలకు లెక్కలు తోడ్పడతాయి.

నివేదికలలో కనిపించే పేర్ల గురించి రెండు మాటలు. ఎర్మాడ్ అనే నమూనాను అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2005లో ప్రామాణికంగా స్వీకరించినది. ఇది పాత గాసియన్ పద్ధతికి మెరుగైన రూపం. స్థిరత్వాన్ని తరగతులుగా కాక, నేల వేడిమి, గాలి సుడుల ఆధారంగా నిరంతరంగా లెక్కిస్తుంది. 50 కిలోమీటర్ల లోపు దూరాలకు దీనిని సిఫారసు చేస్తారు. అయినప్పటికీ ఇది కూడా ఆ గంటలోని గాలి గీత గీసినట్లు వీస్తుందనే అనుకుంటుంది. కాల్‌పఫ్ అనేది వేరు. వాయువును ధారగా కాక, ఒకదాని వెనుక ఒకటిగా వెలువడే ఉండలుగా భావించి, గంట గంటకు మారే గాలితో పాటు వాటిని నడిపిస్తుంది. గాలి ఆగినా ఉండ అక్కడే నిలిచి వ్యాపిస్తుంది కనుక నిశ్చల రాత్రులకు, మెలికలు తిరిగే లోయలకు ఇది తగినది. 2003లో అదే సంస్థ దీనిని దూర ప్రయాణ లెక్కలకు ప్రామాణిక జాబితాలో చేర్చి, 2017లో ఆ జాబితా నుండి తొలగించినది. తొలగించినంత మాత్రాన అది తప్పు నమూనా అని అర్థం కాదు. తగిన కారణం చూపి వాడుకోవచ్చును. ఏ నమూనా వాడారన్న దానికంటె, ఆ లోయకు ఆ నమూనా ఎందుకు తగినదో రాశారా లేదా అన్నది ముఖ్యం.

నమూనా ఎంత గొప్పదైనా దానికి ఇవ్వని సంగతి అది చెప్పలేదు. కేంద్రం సవ్యంగా నడిచే రోజుల ఉద్గారాలనే సాధారణంగా లెక్కకు తీసుకుంటారు. కాని బావి తవ్వుతున్నప్పుడు, పరీక్షించేటప్పుడు, తొలిసారి తెరిచేటప్పుడు ఆవిరి ఏ శుద్ధీ లేకుండా నేరుగా బయటికి వస్తుంది. టర్బైన్ అకస్మాత్తుగా ఆగిపోయినప్పుడు కూడా ఆవిరిని గాలిలోకి వదలవలసి వస్తుంది. 1991 జూన్‌లో హవాయి దీవిలోని పూనా ప్రాంతంలో తవ్వుతున్న బావి అదుపు తప్పి, ఒక రోజుకు పైగా ఆవిరిని, హైడ్రోజన్ సల్ఫైడ్‌ను వెదజల్లగా సమీప నివాసులను ఖాళీ చేయించారు. సుమత్రా విషాదం కూడా బావి తెరిచిన సందర్భంలో సంభవించినదే. అటువంటి ఘటనలకు వార్షిక సగటు పటంలో చోటే ఉండదు. వాటికి వేరే లెక్క కావాలి. సగటు గంటలలో కాక నిమిషాలలో ఉండాలి. పరిమితి వాసనకు సంబంధించినది కాక ప్రాణాపాయానికి సంబంధించినదై ఉండాలి. చిక్కగా వెలువడే చల్లటి వాయువు నేలబారున పారే తీరును ఆ లెక్క పరిగణించాలి. బావి తెరిచే వేళ ఊరివారిని ఎంత దూరంలో ఉంచాలన్న నిర్ణయానికి ఆధారం ఆ లెక్కే.

వదిలివేయబడే మరొక సంగతి అంతకు ముందే గాలిలో ఉన్న వాయువు. భూతాప క్షేత్రమంటేనే సహజంగా గంధకపు ఆవిరులు వెలువడే చోటు. హెల్లిషెయ్దికి సమీపంలోని హ్వేరాగెర్ది పట్టణం వేడినీటి ఊటల నడుమనే ఉన్నది. కేంద్రం నుండి వచ్చేదానిని మాత్రమే లెక్కించి ప్రమాణంతో పోల్చితే సగం చిత్రమే కనబడుతుంది. నిర్మాణానికి ముందు కనీసం ఒక శీతాకాలం కొలతలు లేకపోతే, తరువాత కాలంలో వాసన కేంద్రానిదా, ఊటలదా అన్న వాదం తెగదు.

నమూనా ఫలితాన్ని కొలతలతో సరిచూచినప్పుడు లెక్క అసలు విలువకు సగం నుండి రెట్టింపు మధ్య ఉంటే దానిని మంచి ఫలితంగానే పరిగణించడం ఈ రంగంలో ఆనవాయితీ. ఇది విని పాత్రికేయులు ఆశ్చర్యపోవచ్చును. అయితే దీని పర్యవసానం స్పష్టమే. ప్రమాణం 50 అయి, నమూనా 46 అని చెబితే, పరిమితి లోపల ఉన్నదని రాయడం సాంకేతికంగా సరైనదే కాని, 23 గాని, 92 గాని కావచ్చునన్న వాస్తవాన్ని అది కప్పివేస్తుంది. దశాంశ స్థానాలతో 46.37 అని ముద్రించిన నివేదిక మరింత కచ్చితమైనది కాదు. అదనంగా రెండు అంకెలు ముద్రించినది, అంతే.

ఐస్‌లాండ్‌లో ప్రమాణం బిగించిన తరువాత హెల్లిషెయ్ది కేంద్రం లెక్కలతో సరిపుచ్చుకొనలేదు. 2014 నుండి వాయువులను నీటిలో కరిగించి తిరిగి భూగర్భంలోని నల్లరాతి పొరలలోకి పంపుతున్నారు. అక్కడ హైడ్రోజన్ సల్ఫైడ్ రాతిలోని ఇనుముతో కలిసి పైరైట్ అనే ఖనిజంగా మారుతున్నది. బొగ్గుపులుసు వాయువు సున్నపురాయి వంటి ఖనిజంగా మారుతున్నది. నీటిలో వాయువులు కరిగే గుణాన్నే ఆసరాగా తీసుకున్న ఈ పద్ధతి నేడు ప్రపంచవ్యాప్తంగా ఆసక్తి రేకెత్తిస్తున్నది. ఉద్గారం సగానికి తగ్గితే, మిగతావన్నీ అలాగే ఉన్నప్పుడు, ప్రతి ఊరిలోను కేంద్రం వాటా సగమవుతుంది. నమూనాలో అనుమానానికి తావు లేని అంశం ఇదొక్కటే. ఇటలీలో 1904లోనే భూగర్భపు ఆవిరితో విద్యుద్దీపాలు వెలిగించిన లార్డెరెల్లో ఉన్న టస్కనీ ప్రాంతంలో మరొక సమస్య ఎదురైనది. అక్కడి మౌంట్ ఎమియాటా ఒకప్పటి పాదరసపు గనుల ప్రాంతం కనుక ఆవిరిలో పాదరసం కూడా వచ్చినది. హైడ్రోజన్ సల్ఫైడ్‌తో పాటు దానినీ పట్టే పరికరాలను కేంద్రాలకు అమర్చవలసి వచ్చినది. పాదరసం విషయంలో గాలిలోని మోతాదు ఒక్కటే చాలదు. నేల మీద, నీటిలో ఎంత పేరుకుంటున్నదో కూడా లెక్కించవలసి ఉంటుంది. ఒక క్షేత్రపు వాయువుల పట్టికను మరొక క్షేత్రానికి అరువు తెచ్చుకోరాదనడానికి ఇంతకంటె ఉదాహరణ అవసరం లేదు.

తెలంగాణలోని భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు సమీపాన పగిడేరు వద్ద సింగరేణి కాలరీస్ సంస్థ నెలకొల్పిన 20 కిలోవాట్ల ప్రయోగాత్మక కేంద్రం ఈ చర్చకు భిన్నమైన కోవకు చెందినది. అక్కడ భూగర్భపు వేడినీరు తన వేడిని మరొక ద్రవానికి అందిస్తుంది. ఆ ద్రవం మూసిన గొట్టాలలోనే ఆవిరై టర్బైన్‌ను తిప్పి మరల ద్రవమవుతుంది. వేడినీటిని కూడా గాలి తగలకుండా తిరిగి భూమిలోకి పంపే ఏర్పాటు ఉన్నచోట నడిచే కాలంలో వాయువులు బయటపడే ద్వారమే ఉండదు. ఇటువంటి కేంద్రానికి దూరప్రాంతాల వాయు వ్యాప్తి పటాల కన్నా తవ్వకం, మరమ్మతుల వేళ తీసుకునే జాగ్రత్తలు ముఖ్యం. ఆవిరిని నేరుగా టర్బైన్‌కు పంపే కేంద్రాలతో దీనిని ఒకే గాటన కట్టి భయపెట్టడం గాని, దీనిని చూపి ఆ కేంద్రాలకు శుద్ధత ఆపాదించడం గాని సరికాదు.

లడఖ్‌లోని పూగా లోయ మరొక కోవ. 2021 ఫిబ్రవరిలో ఓఎన్‌జీసీ ఎనర్జీ సెంటర్, లడఖ్ పాలనా యంత్రాంగం, లేహ్ స్వయంప్రతిపత్తి పర్వతాభివృద్ధి మండలి కలిసి అక్కడ తొలి దశలో ఒక మెగావాట్ కేంద్రానికి ఒప్పందం కుదుర్చుకున్నాయి. సముద్రమట్టానికి 4,400 మీటర్లకు పైబడిన ఎత్తు. ఇరువైపులా పర్వతాలు. నిర్మలాకాశం, ఎముకలు కొరికే రాత్రులు. విలోమం ఏర్పడటానికి అన్ని అనుకూలతలూ ఉన్న చోటు. ఇటువంటి చోట దూరపు విమానాశ్రయంలో నమోదైన గాలి వివరాలతో సరళ గాసియన్ లెక్క వేస్తే వచ్చే పటం ఎంత అందంగా ఉన్నప్పటికీ ఆ లోయది కాదు. లోయలోనే ఒక స్తంభం నాటి, రెండు మూడు ఎత్తులలో గాలి వేగాన్ని, ఉష్ణోగ్రతను కనీసం ఏడాదిపాటు నమోదు చేసిన తరువాతనే లెక్క మొదలుకావాలి. ఆ స్తంభం ఎక్కడ నాటారు, ఏ సంవత్సరపు వివరాలు వాడారు, ఎన్ని గంటలను గాలి లేదన్న కారణంతో లెక్క నుండి తొలగించారు అన్న మూడు సంగతులు నివేదిక అనుబంధంలో వెతికితే దొరుకుతాయి. తొలగించిన గంటల సంఖ్య పెద్దదైనప్పుడు ఆ గంటలలో అధికభాగం రాత్రివేళవా అని కూడా చూడవలసి ఉన్నది.